తొందరపెట్టవద్దని చెప్పే నంబరు ప్లేటు

ఓలీటా స్టిడమ్‌కు పాములంటే భయం లేదు. పెరట్లోకి ఎలుగుబంటి దిగితే చీపురు పుచ్చుకుని తరిమిన మనిషి. వాగు పొంగి వాకిట్లోకి వచ్చినప్పుడు కోళ్ళగంప నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నడిచిన మనిషి. అలాంటి మనిషికి, బండి నడుపుతుండగా వెనక అద్దంలో పోలీసుల నీలం దీపాలు కనిపిస్తే పై ప్రాణాలు పైనే పోతాయి. చేతులు చల్లబడతాయి, నోట్లో తడి ఆరిపోతుంది, కాలు బ్రేకు మీద ఉందో దేనిమీద ఉందో తెలియదు. ఆ పోలీసులు ఇంకెవర్నో తరుముకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయినా సరే, బండి పక్కకు ఆపి వణుకు తగ్గేదాకా కూర్చోవలసిందే.

ఈ భయం పుట్టుకతో వచ్చింది కాదు. ఓలీటా చాలా ఏళ్ళు బడి వంటింట్లో పిల్లలకు వండిపెట్టింది. ఒకరోజు చిక్కుళ్ళ గిన్నె పొయ్యి మీదనుంచి దించబోతూ అక్కడే కుప్పకూలింది. తలలో నరం చిట్లిందన్నారు. బతకదన్నారు, బతికింది. కాళ్ళూ చేతులూ దారికొచ్చాయి. బుద్ధికి వీసమెత్తు లోటు రాలేదు. ఎవరి పిల్ల ఎవరి పిల్లాడితో తిరుగుతోందో అన్నీ ఆమెకు గుర్తే. నాలుక ఒక్కటే మాట వినడం మానేసింది. మాట ముద్దముద్దగా, ఈడ్చుకుంటూ వస్తుంది. కంగారు పడిందంటే అసలు మాటే కాదు, మూలుగు. నిలబడి కళ్ళు మూసుకుంటే ఒళ్ళు తూలుతుంది. ఇవేవీ పైకి కనబడవు. నున్నగా దువ్విన జుట్టు, ఎర్రని బుగ్గలు, ఇస్త్రీ గౌను. చూసినవాళ్ళు చర్చిలో పియానో వాయించే ఆవిడ అనుకుంటారు. నోరు తెరిస్తే మాత్రం పొద్దున్నే పట్టించి వచ్చిందనుకుంటారు.

అలా అనుకున్న వాళ్ళలో ఒక పోలీసు ఉన్నాడు. వెనక లైటు ఒకటి వెలగడం లేదని ఆమె బండి ఆపాడు. ‘నాకు తెలీదు బాబూ, రేపే వేయిస్తా’ అన్న ఆ చిన్నమాట ఆమె నోటినుంచి ఎలా వచ్చిందో గాని, ఆయన ముఖం మారిపోయింది. దిగమన్నాడు. రోడ్డు అంచున తెల్లగీత మీద నడవమన్నాడు. నడవబోయి పడింది. గొట్టంలోకి ఊదమన్నాడు. భయంతో పెదాలు బిగుసుకోక గాలంతా పక్కనుంచి పోయింది. ఊదకపోవడమంటే ఒప్పుకోవడమే అని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు. లాకప్పులో ఇద్దరు నిజం తాగుబోతుల పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళు ఆమెను తమ జట్టు మనిషిగానే ఎంచి, ఏం తాగావక్కా అని ఆప్యాయంగా అడిగారు కూడా. రక్తంలో చుక్క మందు లేదని తేలాక తలుపు తీసి వెళ్ళమన్నారు. పొరపాటైందని ఒక్కడూ అనలేదు. మణికట్ల మీద ఇనుము ఒరుసుకున్న మంట తగ్గింది గాని, భయం మాత్రం ఆమె ఒంట్లో కాపురం పెట్టింది.

బండి మానేద్దామంటే కుదరదు. అమెరికాలో మా అపలాచియా కొండల్లో బండి లేని మనిషి ఉప్పుకు కూడా ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలి. పైగా ఆమె బతుకే బండి మీద ఉంది. బడి ఉద్యోగం పోయాక, తల్లి నేర్పిన పాత విద్య బయటికి తీసింది. ముడతల రంగు కాగితంతో గులాబీలు, లిల్లీలు చేసి, కరిగించిన మైనంలో ముంచి ఆరబెడుతుంది. వాన పడినా కరగవు, ఎండకు వాడవు. మా వైపు ఏటా మే నెలలో సమాధుల పండగ వస్తుంది. ఏ వంశం వాళ్ళు ఆ వంశం గుట్ట ఎక్కి, పెద్దల సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, అక్కడే కూడి భోంచేస్తారు. ఆ రోజుకు ఓలీటా పూలు లేకపోతే కొందరికి పండగ జరిగినట్టే ఉండదు. ఆ అట్టపెట్టెలన్నీ వాగు వెంట ఇంటింటికీ చేర్చడానికి ఆ చిన్న బూడిదరంగు కారే ఆమెకు దిక్కు.

ప్లేటు సంగతి చెప్పింది మాట నేర్పే డాక్టరమ్మ. ఇలా పైకి కనబడని ఇబ్బంది ఉన్న డ్రైవర్ల కోసం ప్రత్యేకమైన నంబరు ప్లేటు ఇస్తారట. అంచున సన్నని పసుపు గీత ఉంటుంది. పోలీసు తన యంత్రంలో ఆ నంబరు కొడితే, ‘ఈ మనిషికి మాట కష్టం, తొందరపెట్టవద్దు’ అని వస్తుంది. ఓలీటా వద్దంటే వద్దంది. ఒంట్లో ఉన్న లోటును రేకు మీద రాయించుకుని బండి వెనక తగిలించుకుని ఊరేగాలా? అయినా భయం సిగ్గుకంటే పెద్దది. ఆరు నెలలు తటపటాయించి తెప్పించుకుంది.

దాన్ని బిగించింది ఆమె తమ్ముడు డెన్విల్. తమ్ముడనే మాటే గాని, తల్లి పోయేనాటికి వాడు గోడ పట్టుకుని నడిచే పిల్లాడు. వాణ్ణి పెంచే పనిలో పడి ఓలీటా పెళ్ళి మాటే మరిచిపోయింది. వాడిప్పుడు కంకర లారీ తోలుతాడు. మంచివాడు, చేతి చలవ మనిషి, నవ్వించకుండా ఇంట్లోంచి కదలడు. తాగుడు ఒక్కటే వాడి రోగం, అది కూడా క్రిస్మస్‌నుంచి మానేశాడు.

“పసుపు గీత నీ కారుకి భలే నప్పిందక్కా” అన్నాడు స్క్రూ తిప్పుతూ. “ముసలమ్మకి కొత్త టోపీ పెట్టినట్టుంది.”

“ఎవర్రా ముసలమ్మ?” అంది ఓలీటా. ఇంట్లోవాళ్ళకు ఆమె మాట బడి వాచకమంత తేట.

“కారు. కారునే అన్నా. నీ వయసు సంగతి మాట్లాడే ధైర్యం నాకెక్కడిది? ఇకనుంచి నీ మీద చెయ్యేసినవాడి జీపు మీద లారీడు కంకర దింపుతా, సరేనా?”

ఓలీటా నవ్వింది. ఆ రోజునుంచి రోడ్డు మీదకు వెళ్ళినప్పుడు కాస్త ఊపిరి ఆడేది. వెనక ఒక తోడు ఉన్నట్టుండేది.

ఆ ఏడు సమాధుల పండగ నాడు ఎండ మండిపోయింది. స్టిడమ్‌ల గుట్ట మీదకు ఒక్క బండి పట్టే మట్టిదారి. ముందు వచ్చినవాళ్ళు పైదాకా పోతారు, తరువాత వచ్చినవాళ్ళు వాళ్ళ వెనక, వాళ్ళ వెనక ఇంకొకళ్ళు. ఎవరైనా మధ్యలో కదలాలంటే వీల్లేదు గనక తాళాలన్నీ బండ్లలోనే వదిలేస్తారు. పనిపడ్డవాడు చివరి బండి ఎవరిదైతే అది తీసుకుని పోతాడు, మళ్ళీ తెచ్చి పెడతాడు. తాళం జేబులో వేసుకుని వచ్చినవాణ్ణి మా వైపు మనిషి కింద జమకట్టరు. పూలపెట్టెలన్నీ పంచుకుంటూ రావడంతో ఓలీటా అందరికంటే ఆలస్యంగా వచ్చింది. ఆమె కారే చివర ఆగింది. ఇంకా ఒక ఇంటికి ఇవ్వాల్సిన ఎర్ర గులాబీల పెట్టె వెనక సీటులోనే ఉంది.

భోజనాలయ్యాయి. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, చిక్కుళ్ళ కూర, పొరలు పొరలుగా ఆపిల్ కేకు. ఓలీటా గుట్ట అవతలి కొసన తాతల సమాధులకు పూలు పెట్టి తిరిగి వచ్చేసరికి సగం బండ్లు వెళ్ళిపోయాయి. తన కారు కూడా లేదు.

“డెన్విల్ తీసుకెళ్ళాడు వదినా” అంది జెనీవా, డెన్విల్ భార్య, గిన్నెలు సర్దుతూ. “మన ముసలి జెల్ఫా అత్తకి ఎండకి కళ్ళు తిరుగుతున్నాయంటే ఇంట్లో దింపొస్తానన్నాడు. అప్పటికి మా ట్రక్కు ముందు ఇరుక్కుని ఉంది. నువ్వు వెళ్ళాలంటే మా ట్రక్కు తీసుకో.”

ఇందులో వింతేమీ లేదు. ఓలీటా చల్లగా ఉంటుందని తండ్రి సమాధి వెనక గడ్డిలో కూర్చోబోయింది. చేతికి గాజుసీసా తగిలింది. పచ్చళ్ళు పెట్టుకునే వెడల్పు మూతి సీసా. మూత తీసి ఉంది, అడుగున వేలెడు మిగిలింది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే ఘాటు నెత్తికెక్కింది.

సీసా తీసుకుని జెనీవా దగ్గరకు వచ్చింది. జెనీవా దాన్ని చూసి, చుట్టూ చూసి, చటుక్కున లాక్కుని తువ్వాలు కింద దాచేసింది. ఆ దాచడంలోనే అంతా తెలిసిపోయింది.

“ఎప్పట్నుంచి?” అంది ఓలీటా.

“ఇవాళే వదినా. పెద్దాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మనసు బాలేదన్నాడు. రెండు గుక్కలే అన్నాడు.”

“అత్త ఉంది బండిలో.”

“ఆయన తాగినా మెల్లగానే నడుపుతాడు” అంది జెనీవా. తరువాత ఓలీటా చెయ్యి పట్టుకుంది. “నీకు పుణ్యముంటుంది, ఎవరితోనూ అనకు. లైసెన్సు పోతే లారీ పోతుంది. లారీ పోతే మా నోట్లో మట్టే.”

మా కొండల్లో పోలీసుకు కబురు చెప్పడమంటే మాటలు కాదు. తాతల కాలంలో అడవిలో సారా కాచిన రోజులనుంచి, పగవాణ్ణయినా సరే పోలీసుకు పట్టివ్వరు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, కంచెలు నరుక్కుంటారు, కాని పట్టివ్వరు. ఇక ఇంటి మనిషి మాట ఎత్తనే అక్కర్లేదు. ఓలీటా కూడా ఆ గడ్డ మీద పుట్టిందే. పోలీసు అన్న ఆలోచనే ఆమెకు రాలేదు. వాడు అత్త ఇంటికి చేరేలోగా అందుకుని తాళం లాక్కోవాలి, అంతే. ఆ లోయలో ఫోను పలకదు. ఆమె వెళ్ళి డెన్విల్ ట్రక్కు ఎక్కింది.

కింద మలుపులో బ్రేకు నొక్కేసరికి సీటు కిందనుంచి ఇంకో సీసా దొర్లుకుంటూ వచ్చి ఆమె బూట్ల మీద ఒలికింది. గౌను అంచు తడిసిపోయింది. ట్రక్కు నిండా సారా వాసన గుప్పుమంది. రెండు గుక్కలట! ఓలీటాకు తమ్ముడి మీద ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఇంకో సంగతి తట్టి ఆ మంట చల్లారిపోయింది. ఈ ట్రక్కుకు పసుపు గీత లేదు. ఇప్పుడు ఎవరైనా ఆపితే, ముద్దమాటతో, తూలే నడకతో, ఈ కంపుతో తను ఏమని చెప్పుకుంటుంది? వెనక్కి తిరిగిపోదామనిపించింది. జెల్ఫా అత్త గడ్డం కింద ముడి వేసుకున్న రుమాలు గుర్తొచ్చి ముందుకే పోనిచ్చింది.

గుట్ట దిగి పెద్దరోడ్డు ఎక్కే చోట, వంతెన పక్కన మూతబడ్డ పెట్రోలు బంకు నీడలో పోలీసు జీపు ఆగి ఉంది.

ఆగి చెప్పవచ్చు. ఒక్క నిమిషం పని. ఓలీటా తల వంచుకుని, జుట్టు ముఖం మీదకు లాక్కుని, చేతులు స్టీరింగుకు అతుక్కుపోయినట్టు పట్టుకుని దాన్ని దాటుకుపోయింది. అద్దంలోకి చూసే ధైర్యం లేదు. నీలం దీపాలు వెలగలేదని కొంతదూరం పోయాక గాని ఊపిరి పీల్చలేదు. తను చేసింది పిరికిపని అని ఆమెకు తెలుసు. తెలిసినా ఆ క్షణాన ఆమెకు కలిగింది ఊరట ఒక్కటే.

రెండో మలుపు దగ్గర ఎవరిదో ఉత్తరాల డబ్బా గుంజతో సహా విరిగి గడ్డిలో పడి ఉంది. రోడ్డు నిండా ఎర్ర గులాబీలు, కారు వెనక కిటికీలోంచి ఎగిరిపడ్డవి. కాగితపు గులాబీలు, మైనం మెరుస్తూ. తను వారం రోజులు కూర్చుని చేసినవి. టైర్లు వాటిని తొక్కుకుంటూ, రోడ్డు అంచు దాటి, మళ్ళీ ఎక్కి, అవతలి వైపుకు పోయిన గుర్తులున్నాయి. అవతలి వైపునుంచి బొగ్గు లారీలు వస్తాయి. ఈ ట్రక్కుతో వాణ్ణి అందుకోవడం కల్ల.

ట్రక్కు తిప్పింది. ఏడుస్తూనే తిప్పింది. నీలం దీపాలకు దూరంగా పారిపోవడమే ఇన్నాళ్ళుగా చేసిన మనిషి, ఇప్పుడు వాటికి ఎదురు వెళ్తోంది. బంకులోకి తోలి పోలీసు జీపుకు అడ్డంగా ఆపింది. ఆపి, పోలీసు ముందు చెయ్యకూడని పని చేసింది. తలుపు తీసుకుని దిగి, చేతులు ఊపుకుంటూ ఆయన మీదకు పోయింది.

“ఆగు! అక్కడే ఆగు!” పోలీసు కుర్రాడు జీపులోంచి దూకాడు. చెయ్యి నడుము దగ్గరకు పోయింది. “చేతులు! చేతులు కనబడాలి నాకు!”

ఓలీటా ఆగింది. ఆగడంలో తూలి ట్రక్కు తలుపు పట్టుకుంది. కుర్రాడు, రాట్లిఫ్ అని చొక్కా మీద పేరుంది, ముక్కు ఎగబీల్చాడు.

“ఎంత తాగారమ్మా?”

అదే ప్రశ్న. అదే గొంతు కాదు గాని, అదే ప్రశ్న. ఆమె నోరు తెరిచింది. మూలుగు తప్ప ఏమీ రాలేదు. తమ్ముడు, అత్త, కారు అన్న మూడు మాటలూ గొంతులో ఒకదాన్నొకటి తొక్కుకుని అక్కడే ఆగిపోయాయి. ఆయన దగ్గరకొచ్చి వెనక్కి తిరగమన్నాడు. బేడీలు తీసిన గలగల వినబడింది. ఇంకొక్క క్షణంలో చేతులు వెనక్కి పోతాయి. అవి పోతే సైగ కూడా చెయ్యలేదు, ఈలోగా అత్త ఏ లారీ కిందో ఉంటుంది. అప్పుడు ఓలీటా రెండు చేతులూ ఎత్తి, పిడికిలి నోటి ముందు పెట్టుకుని, గట్టిగా ఊది చూపించింది. మళ్ళీ ఊది చూపించింది.

“ఏంటి? గొట్టమా? ఊదుతారా?” ఆయన నివ్వెరపోయాడు. అడిగి మరీ ఊదేవాళ్ళను ఆయన ఉద్యోగంలో చూసి ఉండడు.

తెచ్చాడు. ఓలీటా గొట్టం నోట్లో పెట్టుకుంది. పెదాలు బిగుసుకోలేదు. గాలి పక్కనుంచి పోయింది. యంత్రం కీచుమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆయన చేతిని వదల్లేదు. డాక్టరమ్మ నేర్పినట్టు రెండు వేళ్ళతో బుగ్గలు నొక్కి, పెదాలు గొట్టం చుట్టూ కుక్కి, కళ్ళు తెరుచుకునే, ఆయన ముఖంలోకి చూస్తూ ఊదింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

రాట్లిఫ్ యంత్రం చూశాడు. కొట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

“సున్నా!” అన్నాడు. “మరి ఈ వాసన? ఈ మాట?”

ఓలీటా తన నోరు చూపించింది, తల చూపించింది, ట్రక్కు వెనకకు వెళ్ళి ప్లేటు అంచున వేలితో గీత గీసింది. ఇది కాదు అని చెయ్యి ఊపింది. నిదానంగా, ఒక్కొక్క ముక్కా కూడదీసుకుని చెప్పింది. “నా. కారు. పసుపు. గీత.”

ఆయన ముఖంలో ఏదో మెరిసి, ఆ వెంటనే రంగు దిగిపోయింది.

“చిన్న బూడిదరంగు కారా? పెద్దామె ఒకావిడ పక్క సీట్లో?” అన్నాడు. “దాన్ని ఇందాకే ఆపానమ్మా నేను. వంతెన మీద వంకర్లు పోతోందని ఆపాను. ఆయన మాట ముద్దగా వచ్చింది. నోటినిండా పుగాకు. యంత్రంలో కొడితే మాట కష్టం, తొందరపెట్టవద్దు అని వచ్చింది. ఇంటిపేరు కూడా కలిసింది. మొన్ననే మాకు క్లాసు పెట్టి చెప్పారు, ఇలాంటివాళ్ళని గద్దించకండని. నేనే…” వంతెన వైపు చూశాడు. “నేనే, తొందర లేదు సార్, నిదానంగా వెళ్ళండి అని పంపించాను.”

ఏ రేకుముక్క తనకు తోడుందని ఓలీటా ఇన్నాళ్ళూ ధైర్యం చెప్పుకుందో, అది ఇవాళ తాగినవాడికి దారి ఇచ్చి పంపింది. తనకు ఎప్పుడూ దక్కని మర్యాద వాడికి దక్కింది. సిగ్గుతో, కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి.

“తాగాడు” అంది. ఆ మాట ఆయనకు అర్థం కాలేదు గాని, ఆమె చూపిన తడిసిన గౌను అర్థమైంది.

జీపు వెనక సీటులో ఎక్కించుకున్నాడు. ముందూ వెనకా ఇనుపజాలీ, లోపల తలుపులకు పిడి లేదు. జీపు మీద నీలం దీపాలు తిరుగుతూంటే కొండ రాళ్ళన్నీ నీలంగా మెరిసి ఆరిపోతున్నాయి. ప్రతి మలుపులోనూ ఆమె కళ్ళు మూసుకుంది, ప్రతిసారీ మళ్ళీ తెరిచింది. మలుపు అవతల ఏం చూడవలసి వస్తుందోనని బతికుండగానే చచ్చింది.

కారు జెల్ఫా అత్త ఇంటి దారి మొదట్లోనే దొరికింది. ముక్కు కాలవలో గుచ్చుకుని, వెనక చక్రం ఒకటి గాలిలో ఉంది. అత్త గట్టు మీద కూర్చుని ఉంది. నుదుట కోడిగుడ్డంత బొప్పి.

“ఈ పిల్లాడు నన్ను కాలవలో దింపాడే, ఓలీటా!” అంది అత్త. “ఇల్లు అదుగో, అక్కడుంది!”

ఓలీటా ఆమె చేతులు, భుజాలు, మెడ తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. అత్త పక్కనే కూలబడింది.

డెన్విల్ కంచె గుంజను పట్టుకుని నిలబడ్డాడు. జీపు చూసి బెదిరాడు, అందులోంచి దిగిన అక్కను చూసి ఇంకా బెదిరాడు.

“గొట్టంలో ఊదండి సార్” అన్నాడు రాట్లిఫ్.

“ఊదలేను బాబూ. పెదాలు బిగుసుకోవు నాకు. ఇందాకే చూశావుగా, నీ యంత్రంలో రాసే ఉంది.” డెన్విల్ నేల చూపులు చూశాడు. “మా అక్కకున్న జబ్బే నాకూను. మా నాన్న వైపునుంచి వచ్చింది. కావాలంటే అక్కనడుగు.”

రాట్లిఫ్ ఇరుకున పడ్డాడు. ఒకసారి మెత్తగా ఉండి తప్పు చేశాడు. ఇప్పుడు గట్టిగా ఉండి, ఆ మనిషికి నిజంగానే జబ్బుంటే? రక్తం తీయించాలంటే ఆసుపత్రి కొండ అవతల ఉంది. ఓలీటా ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నిజమేనా అమ్మా? తొందరేం లేదు. నిదానంగా చెప్పండి.”

డెన్విల్ అప్పుడు తలెత్తి అక్కను చూశాడు. బతిమాలే చూపు. చిన్నప్పుడు పక్కింటి కిటికీ పగలగొట్టి వచ్చి తన వెనక దాక్కున్నప్పుడు చూసిన చూపే. అత్త క్షేమంగా ఉంది. గండం గడిచింది. ఇక మాట కూడా అక్కర్లేదు, ఒక్కసారి తల ఆడిస్తే చాలు. లారీ నిలబడుతుంది, జెనీవా నోట్లో మట్టి పడదు, వాగు పొడుగునా తనను ఎవరూ వేలెత్తి చూపరు. ఆడించకపోతే, తమ్ముణ్ణి పట్టిచ్చిన ఆడదిగా ఈ కొండల్లో చచ్చేదాకా బతకాలి. పూలు ఎవరు కొంటారు? సమాధుల పండగకు గుట్ట మీద తన పక్కన ఎవరు కూర్చుంటారు? లాకప్పు భయం కంటే పెద్ద భయం ఒకటి ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.

కాని ఈ పోలీసు కుర్రాడు అడిగిన తీరు చూసింది. ముందు గొంతుక్కూర్చుని, తొందరలేదని, నిజంగానే తొందర లేనట్టు ఎదురుచూస్తున్నాడు. ఇవాళ అబద్ధం ఆడితే, రేపు ఇంకే ముద్దమాట మనిషి ముందూ వీడిలా కూర్చోడు.

ఓలీటా చెప్పింది. ముద్దగా, వెక్కిళ్ళ మధ్య వచ్చింది.

“ఏమనుకోకండమ్మా. ఇంకొక్కసారి.”

ఇంకొకసారి చెప్పింది. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. రాట్లిఫ్ నిస్సహాయంగా చుట్టూ చూశాడు. అత్తకు చెవులు అంతంతమాత్రం. చివరకు కంచె దగ్గరున్న మనిషి వైపు తిరిగాడు.

“మీకు అర్థమవుతుంది కదా ఈవిడ మాట? ఏమంటోంది?”

ఏమైనా చెప్పుకోవచ్చు. అక్కడ అడ్డు చెప్పగల నోరు లేదు. అక్క కళ్ళల్లోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

“మా తమ్ముడికి ఏ జబ్బూ లేదంటోంది” అన్నాడు డెన్విల్. “వాడు తాగాడంటోంది సార్.”

కంచె గుంజ వదిలేసి, రెండు చేతులూ కలిపి ముందుకు చాచాడు.